ఉదయం ఉన్నవాళ్ళు, మధ్యాహ్నం లేనివాళ్ళు

దాచుకున్న డబ్బు తీసి పిల్లల కాలేజీ ఫీజు టక్కున కట్టేసేవాళ్ళని చూస్తే నాకు జాలి. పాపం, దరఖాస్తు రుచి తెలియకుండానే వాళ్ళ జీవితం గడిచిపోతుంది!

స్కాలర్‌షిప్పులూ ఎడ్యుకేషన్ లోన్లూ లేకపోతే మనకి క్రమశిక్షణ ఎక్కణ్ణుంచి వస్తుంది? పదకొండు జిరాక్సులు, నాలుగు సంతకాలు, మూడు స్టాంపులు. ఫోటోలో నవ్వకూడదట. అసలు నవ్వొచ్చేదెవరికి లెండి!

మా పక్కింటి టైలర్‌నే చూడండి. కూతురికి కాలేజీలో సీటొచ్చింది. శుక్రవారంలోగా ఫీజు కట్టకపోతే పోతుంది. సగం స్కాలర్‌షిప్పు, సగం బ్యాంకు లోను అని తండ్రీకూతుళ్ళు అనుకున్నారు. చిక్కల్లా ఒక్కటే. స్కాలర్‌షిప్పువాళ్ళకి లేనివాళ్ళలా కనిపించాలి, బ్యాంకువాళ్ళకి ఉన్నవాళ్ళలా కనిపించాలి. ఇద్దరూ ఇల్లు చూడ్డానికి వస్తామన్నది ఒకే రోజు! పొద్దున బ్యాంకు, మధ్యాహ్నం స్కాలర్‌షిప్పు.

పొద్దున్నే టైలర్ మా సోఫా, ఫ్రిజ్జు మోసుకెళ్ళాడు. ఫైలు పట్టుకుని ఒకాయన వచ్చాడు. సోఫాలో కూర్చుని, ఒకసారి ఊగి చూశాడు.

"మాకు దేనికీ లోటు లేదండీ," అన్నాడు టైలర్, ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ.

ఆయన రాసుకుని వెళ్ళాడు. వెంటనే టైలర్ మా సామాను మాకిచ్చేసి, తన కుర్చీలూ ఫ్యానూ కూడా మా వరండాలో పడేశాడు. ఇల్లు పీకి పందిరేయడమంటే ఇదే. మధ్యాహ్నం రెండో ఆయన వస్తే చాప పరిచాడు.

"ఒక్క పూటే తింటున్నామండీ. రేపటి సంగతి ఆ దేవుడికే తెలియాలి!"

గురువారం రెండు ఉత్తరాలొచ్చాయి. పొద్దున వచ్చినాయన స్కాలర్‌షిప్పు ఆఫీసరట! మధ్యాహ్నం సొంత పనుండి ముందే వచ్చేశాడు. "దేనికీ లోటు లేదు కనుక సాయం అనవసరం" అని రాశాడు. "తిరిగి కట్టే స్తోమత లేదు కనుక లోను కుదరదు" అని, పొద్దున రావాల్సింది ఆలస్యమై మధ్యాహ్నం వచ్చిన బ్యాంకాయన రాశాడు. పాపం టైలరు, రెంటికీ చెడ్డ రేవడయ్యాడు.

శుక్రవారం సాయంత్రం దాకా ఆ పిల్ల గుమ్మంలోనే కూర్చుంది. నాకూ కడుపు తరుక్కుపోయింది, కాదనను.

అంతమాత్రాన పథకం మంచిది కాదంటారా? మావాడికి స్కాలర్‌షిప్పు వచ్చిందిగా! మా ఇల్లు చూడ్డానికి ఎవరూ రాలేదు. ఆ ఆఫీసులో మా తోడల్లుడున్నాడు. పత్రికలో రాసేవాడు అబద్ధమాడతాడా అని నా మాటే నమ్మేశారు.

నిన్న ఆ పిల్ల మా ఇంటికొచ్చింది.

"బాబాయ్‌గారూ, మీవాడికి లెక్కలు కొంచెం కష్టం కదా. సాయంత్రాలు నేనొచ్చి చెప్తాను. నెలకి రెండు వేలిస్తే వచ్చే ఏడాది ఫీజుకి దాచుకుంటాను."

బేరమాడి వెయ్యికి దించాను. ఏం చెయ్యమంటారు చెప్పండి? కాగితాల ప్రకారం లేనివాళ్ళం మేమే కదా!