మాయమైన వానపాములు

ఏరు పొంగి కాలేజీ మూడో మెట్టు ఎక్కిన ఏడు కాదు, దాని మరుసటి ఏడూ కాదు, ఆపై ఏడు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరు జిగురు చేతులతోనే టైపు గదిలోకి వచ్చి, ఈ కాలేజీలో కళ్ళున్నవాళ్ళు నూటపది మంది ఉన్నారనీ, చూసేవాడు మాత్రం తనొక్కడేననీ ప్రకటించాడు. టైపిస్టు తలెత్తలేదు. బైండరు అతని భార్యకు అన్న. పెళ్ళయిన నాటి నుంచీ వింటున్న ప్రకటనే.

"కేసు దొరికింది బావా. మామూలుది కాదు, మహాకుట్ర."

కేసు వానపాముల మేడమ్‌ది. వరద తీసిన పొలాల్లో వానపాములు మళ్ళీ ఎలా చేరతాయో ఏడాదిపాటు బురదలో తిరిగి చూసి, ఆవిడ ఒక వ్యాసం రాసింది. దాన్ని టైపు చేసింది మన టైపిస్టే. ఎనిమిది నెలల కిందట పెద్ద పరిశోధన పత్రికకు పంపారు. అక్కడి పద్ధతి ప్రకారం వ్యాసం మీద పేరు ఉండకూడదు. ఎవరు రాశారో, చదివి బాగోగులు తేల్చే పండితుడికి తెలియకూడదు, ఎవరు చదువుతున్నారో రాసినావిడకూ తెలియకూడదు. మూడుసార్లు ఉత్తరం రాస్తే, పరిశీలనలో ఉందని మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. నెలాఖరులోగా పత్రిక సరేననకపోతే ఆవిడ ఉద్యోగం ఊడుతుంది.

టైపిస్టుకు వేరే బెంగ ఉంది. అతని మిషన్‌లో 'క' మీద తలకట్టు సగమే పడుతుంది. ఆ బోడి అక్షరాలు చూసి పండితుడు విసిరికొట్టాడేమోనని అతనికి అన్నం సహించడం లేదు.

"పేరు లేని కాగితం మొహం లేని మనిషి దగ్గరికి పోయింది. ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు బైండరు.

వ్యాసాన్ని దారిలోనే ఎవరో కాజేశారని తేల్చుకుని, నాలుగు రోజులు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పోస్టుమాన్ వెంట తిరిగాడు. ఆ అద్దాల్లోంచి ఏమీ కనపడక అతని సైకిలుకే అడ్డంపడితే, పాపం ఆ పోస్టుమానే వెనక కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపాడు. పోస్టుమాన్ చెప్పులకు కాలేజీ మట్టి అంటి ఉందనీ, నేరం రుజువైందనీ బైండరు పన్నెండు పేజీల నివేదిక రాసి, తనే అట్టవేసి కుట్టాడు.

దాన్ని మేడమ్ శాఖకు పెద్దయిన ప్రొఫెసరుగారికి ఇవ్వడానికి బావను కూడా ఈడ్చుకెళ్ళాడు. ఆయన మొదటి పేజీ తిప్పుతుండగా బైండరుకు, ఎవరినీ అనుమానించకుండా వదలరాదన్న తన సూత్రం గుర్తొచ్చింది. ప్రొఫెసరుగారి చెప్పులు కొలుద్దామని దారపుండ కింద పడేసి, బల్ల కిందికి దూరాడు. లేవబోతే తల తగిలింది. బల్ల ఒరిగింది. మంచినీళ్ళ గ్లాసు ప్రొఫెసరుగారి ఒడిలో పడింది. బల్ల పొట్టి కాలి కింద మడిచిపెట్టిన కాగితాల కట్ట బయటికి జారింది.

"ఉత్త చెత్త. కేసుకు సంబంధం లేదు" అంటూ బైండరు దాన్ని బావ చేతిలో పెట్టాడు.

టైపిస్టు మడత విప్పాడు. మొదటి పేజీ మీద బల్లకాలి గుండ్రటి గుర్తు, దాని చుట్టూ సగం తలకట్ల 'క'లు. నెలలోగా అభిప్రాయం పంపమని పత్రిక ప్రొఫెసరుగారికి రాసిన ఉత్తరమూ అందులోనే ఉంది. ఆయన ఆ వ్యాసం రెండో పేజీ తిప్పి ఉంటే, పేరు లేకపోయినా వానపాములను బట్టే అది ఎదురుగదిలో కూర్చునే ఆవిడదని తెలిసేది. తిప్పలేదు.

"బల్ల ఊగుతుంటేనూ..." అన్నారాయన, తడిసిన పంచె దులుపుకుంటూ.

"ఎనిమిది నెలలయిందండి. ఎదురుచూస్తున్నారు" అన్నాడు టైపిస్టు. అతను ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం ఆ కాలేజీలో ఎవరూ వినలేదు.

"ఎవరయ్యా?"

"పేరు చెప్పకూడదటండి."

ఆయన అప్పటికప్పుడు అభిప్రాయం చెప్పి టైపు చేయించారు. లోతైన పరిశోధన, ప్రతి పేజీ చదివించేలా ఉంది, వెంటనే అచ్చువేయదగినది. చివర, టైపు దోషాలు మాత్రం క్షమించరానివి అని కూడా చెప్పారు. టైపిస్టు ఆ వాక్యాన్నీ తన చేత్తోనే కొట్టాడు. కవరు పోస్టుమానే పట్టుకెళ్ళాడు. నెలాఖరు రాకముందే పత్రిక సరేనంది, ఆవిడ ఉద్యోగం నిలిచింది. తన నిఘాకు బెదిరిన దొంగ, సరుకును బల్ల కింద వదిలి పారిపోయాడని బైండరు నేటికీ చెబుతాడు.

కవరు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే టైపిస్టు ప్రొఫెసరుగారి గదికి వెళ్ళాడు. బల్ల ఊగుతోంది. బైండరు నివేదికను అడ్డంగా ఓ మడత, నిలువుగా ఓ మడత పెట్టి, పొట్టి కాలి కిందికి తోశాడు. రెండు చేతులూ ఆనించి చూశాడు. కదల్లేదు.