పేగులో పట్టాలు

కోరాడ అప్పలనరసయ్య పేగుల్లో ఖాళీ పడిన స్థలాన్ని క్లాస్ట్రీడియం అనే సూక్ష్మజీవుల పేర పట్టా చేస్తున్నామనీ, అభ్యంతరాలుంటే మంగళవారం వచ్చి చెప్పుకోవాలనీ తహసీల్దారు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వీధిలో చాలామందికి అలాంటివి వచ్చాయి కనక ఎవరూ వింతపడలేదు.

తప్పు అతనిదే. పన్ను నొప్పికి మందుల షాపులో "గట్టివియ్యి" అని అడిగి యాంటీబయాటిక్ బిళ్ళలు మింగాడు. అవి అయ్యాక, పక్కింట్లో మిగిలిన బిళ్ళలు పారేయడమెందుకని అవీ మింగాడు. పన్ను నెమ్మదించింది. పుట్టిన నాటి నుంచి పేగుల్లో కాపురముండి, తిన్నది అరిగించి, కాపలా కాసిన కోట్ల జీవాలు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. క్లాస్ట్రీడియం ఇంటిపేరున్న వాళ్ళంతా చెడ్డవాళ్ళేం కాదు, పేగు గోడలను పోషించే బుద్ధిమంతులూ ఉండేవారు. పాపం, వాళ్ళూ పోయారు. గింజల్లా ముడుచుకుని దాక్కున్న మొండి శాఖ ఒక్కటే బతికి, చోటంతా పరుచుకుంది.

సర్వేయరు వచ్చి, చెప్పులు విప్పి, గొలుసు భుజాన వేసుకుని అప్పలనరసయ్య నోట్లోంచి దిగాడు. లోపల మబ్బు పట్టిన మధ్యాహ్నంలా వెచ్చగా ఉందట. మైళ్ళ కొద్దీ మనిషి లేని వాకిళ్ళు, ఎక్కడో నీళ్ళ చప్పుడు. సాయంత్రానికి పైకొచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు.

మంగళవారానికి అప్పలనరసయ్య సగమయ్యాడు. తిన్నది నిలవడం లేదు. భార్య చిలకమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"పాతవాళ్ళను ఖాళీ చేయించిందెవరు?" అన్నాడు తహసీల్దారు.

"నానే బావూ."

"నోటీసిచ్చారా?"

"నేదు బావూ."

చిలకమ్మ ముందుకొచ్చింది. "రోజూ సద్దన్నం తింతాను బావూ. నా కడుపులో బోల్డుమంది మంచోలున్నారు. ఆలని ఈ మనిసిలోకి పంపించీండి. బతికితే సాలు."

"పంపొచ్చమ్మా. ప్రస్తుతం ఉంటున్నవాళ్ళు ఒప్పుకోవాలి."

అప్పటికప్పుడు లోపల గ్రామసభ జరిపారు. అప్పలనరసయ్య కడుపు గుడగుడలాడింది. ఏకగ్రీవంగా తిరస్కరించారని గుమాస్తా రాసుకున్నాడు.

చిలకమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఈ మనిసే పోతే ఆలు మాత్రం ఎక్కడుంతారు బావూ?"

తహసీల్దారు మంచివాడు. కలం పక్కన పెట్టి మెల్లగా చెప్పాడు. "ఆ సంగతి ఎవరు చూస్తారమ్మా? ఉన్నన్నాళ్ళు వాడుకోవడమే కదా, ఎవరైనా చేసేది."

ఆ మాటలో అప్పలనరసయ్యకు తప్పేమీ కనబడలేదు. దండం పెట్టి, "మరి ఎల్లొత్తాను బావూ," అన్నాడు.

"ఇకమీదట ఎక్కడికెళ్ళాలన్నా వాళ్ళనే అడగాలి."

అతను కడుపు మీద చెయ్యి వేసుకుని, లోపలికి వినబడేలా మర్యాదగా అడిగాడు. అనుమతి రాలేదు. వరండాలో బల్ల మీద అప్పటికే నలుగురు కడుపులు పట్టుకుని కూర్చున్నారు. కొంచెం జరిగి అతనికి చోటిచ్చారు.