పిడికెడత్త పొయ్యి మీద చిమ్నీ

ఆ పొద్దున పిడికెడత్త వేసుకున్న లెక్క చాలా చిన్నది. మెకానిక్ వస్తాడు, పొయ్యి పైన గోడకు చిమ్నీ బిగిస్తాడు, పొగంతా దాని నోట్లోకి పోతుంది, దాంతో ఆడపడుచు నోరు మూతబడుతుంది. ఇందులో అనుకున్నట్టు జరిగింది మొదటిదొక్కటే. మెకానిక్ వచ్చాడు.

పిడికెడత్త అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. మనిషి అంత చిన్నది మరి. పొయ్యి ముందు పీట వేసుకుని ఎక్కితే గానీ గిన్నెలో ఏం ఉడుకుతోందో కనబడదు. మొగుడేమో నిచ్చెన మామ. బల్బు మార్చాలన్నా, అటక మీద డబ్బా దింపాలన్నా చెయ్యెత్తితే చాలు, నిచ్చెనతో పనిలేదు. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే తలుపూ దాని గడియా కలిసి నడిచొస్తున్నట్టు ఉంటుందనేవారు.

అత్తకు ఒక్కటే జబ్బు, దగ్గు. వైద్యుడు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "పొగ మానెయ్యాలమ్మా" అన్నాడు. "నేను తాగను బాబూ, వండుతాను" అంది అత్త. ఆ మాట చెవిన పడగానే కూతురు చిమ్నీ కొని పంపించింది. పెట్టె ఇంటికొచ్చిన నాటి నుంచీ అత్త దాని చుట్టూ చంటిపిల్ల ఊయల చుట్టూ తిరిగినట్టు తిరిగింది.

అంత ఆశ ఎందుకంటే, ఆ ఇంట్లో గరిటె చెయ్యి మారే రోజులొచ్చాయి. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మామ అక్కగారు ఉండనే ఉండిపోయింది. వంటగది వెనకున్న పాత వసారాకు గోడలు కట్టించి, తలుపూ కిటికీ పెట్టించి, మామే ఆవిడకు గది చేసి ఇచ్చాడు. ఆవిడ మాట తేనె. "దగ్గే మనిషివి, పొయ్యి దగ్గరెందుకమ్మాయ్? నువ్వు కూర్చో. నేను వండుతా." వినేవాళ్ళకు ఎంత మంచిదో అనిపిస్తుంది. కానీ ఆవిడ చెయ్యి పెట్టిన రోజే ఉప్పు డబ్బా కుడివైపు నుంచి ఎడమవైపుకు పోయింది. ఉప్పు డబ్బా చోటు మారిందంటే వంటింట్లో రాజ్యం మారినట్టే. అత్తకు ఆ సంగతి తెలుసు.

అందుకే ముందురోజు అన్నాల దగ్గర ఆడపడుచు, "చిమ్నీ పెడితే మాత్రం దగ్గు ఆగుతుందిటే?" అనగానే అత్త కంచంలోంచి తలెత్తింది.

"పందెం వేసుకుందామా వదినా? రేపు చిమ్నీ కింద ఎండుమిరపకాయలు వేయిస్తాను. దగ్గినవాళ్ళకు గరిటె లేదు."

"మాట మీద ఉంటావా?"

"నేనుంటాను. మీరుండండి, చాలు."

మామ "బాగుంది, బాగుంది" అన్నాడు. పందేన్నో, పులుసునో ఆయనకే తెలియదు.

సరే, మెకానిక్ వచ్చాడన్నాం కదా. పెట్టె విప్పి, గోడ తట్టి చూసి, "ఈ గోడ అవతల ఏముంది సార్?" అని అడిగాడు.

"ఆకాశముంది."

"అంటే, గొట్టం నేరుగా బయటికే పోతుందా?"

"నా ఇల్లు నాకు తెలియదా?"

మెకానిక్ పొయ్యి మీద నుంచి టేపుతో కొలిచి గోడ మీద పెన్సిలు గీత గీశాడు. "బర్నరు నుంచి రెండడుగుల పైచిలుకు ఉండాలి. ఇంకా కిందికి దించితే మంట తగులుతుంది. ఇంకా పైకి పెడితే పొగ పక్కనుంచి జారుకుంటుంది."

మామ వెళ్ళి ఆ గీత కింద నిలబడ్డాడు. గీత సరిగ్గా నుదుటి దగ్గరికి వచ్చింది. "కుదరదు. నా తలకు కొట్టుకుంటుంది. పైకి పెట్టు."

"వంట చేసేది మీరా సార్?"

"కాదు."

"మరి?"

"మంచినీళ్ళు తాగడానికి వస్తుంటాను."

మెకానిక్ ఆయన్ని ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు. అంత దూరం చూడ్డానికి కాస్త సమయం పట్టింది. చిమ్నీ అంచున అతుక్కున్న పల్చటి ప్లాస్టిక్ పొరను గోటితో లేపబోయాడు. మామ పులిలా దూకాడు.

"కవరు ముట్టుకోకు!"

ఆ ఇంట్లో కొత్త వస్తువుకు కవరు తియ్యడమంటే పసిబిడ్డకు దుప్పటి లాగెయ్యడంతో సమానం. సోఫా కొన్ననాటి కవరుతోనే ఉంది, ఎండాకాలం కూర్చుని లేస్తే చర్మం సగం అక్కడే ఉండిపోతుంది. టీవీ రిమోటుకు కవరు. ఫ్రిజ్జు పిడికి కవరు. గోడ గడియారానికి కవరు వేస్తే అది దుమ్ము పట్టి, టైము కావాలంటే పక్కింటికి వెళ్ళి అడిగొస్తారు.

"తియ్యకపోతే ఎలా సార్?"

"కొత్తది కొత్తగానే ఉండాలి. నువ్వెళ్ళు. మేకు కొట్టడానికి మనిషిని పిలిచే వంశం కాదు మాది."

మెకానిక్ సంచీ భుజానేసుకుని, "అవతలేముందో ఓసారి చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. "ఏమండీ, అతని మాట కాస్త వినొచ్చు కదా" అంది అత్త. "నువ్వూరుకో" అన్నాడు మామ, సుత్తి వెతుక్కుంటూ.

గొట్టం కోసం గోడకు బెజ్జం కొట్టడంతో మొదలైంది సంబరం. దుమ్ము లేచింది. ఆడపడుచు పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుంది, అత్త ఎప్పుడు దగ్గుతుందా అని. గోడ చివరికంటా వచ్చేసరికి సుత్తి దెబ్బకు 'ఠప్' మని చెక్క విరిగిన చప్పుడైంది.

"చెక్క తగిలిందేమిటి తమ్ముడూ?"

"పాత గోడల్లో ఉంటుంది లేవే అక్కా."

బెజ్జంలో కన్ను పెట్టి చూశాడు మామ. "చీకటిగా ఉంది."

"ఆకాశమన్నావుగా?"

"మబ్బు పట్టింది."

ఆ సరికి వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి గిన్నెల మీద తళతళలాడుతోంది. అత్త చూసింది. అడుగుదామని నోరు తెరిచింది. తెరవగానే గొంతులో దగ్గు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అమ్మో అనుకుని నోరు మూసేసి, చెంబెడు నీళ్ళతో దాన్ని వెనక్కి తోసింది. ఆ ఒక్క ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మామ చిమ్నీని తన తల మీదికి, ఇంకాస్త పైకి, ఇంచుమించు కప్పుకు బిగించాడు. అత్త పీట ఎక్కి పొయ్యి వెలిగించి, మూకుడులో నూనె పోసి మొదటి మిరపకాయ వేసింది. చిమ్నీ బుర్రుమని మోగింది. పొగ వయ్యారంగా పైకి వెళ్ళి, తలుపు తట్టినా తియ్యని ఇంటి ముందు చుట్టంలా కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, వంటగదంతా పరుచుకుంది. అత్త పీట దిగి, ఊపిరి బిగబట్టి, పెరట్లోకి పరిగెత్తి, గోడవైపు తిరిగింది.

"దగ్గావా అమ్మాయ్?" లోపల్నించి కేక.

"తుమ్మాను వదినా!"

"తుమ్ము ఇంత పొడుగుంటుందిటే?"

"మా పుట్టింటివాళ్ళ తుమ్ము అంతే!"

మామకు పౌరుషం వచ్చింది. "పైన పెడితే అందదంటారు, ఇప్పుడు చూడండి" అని చిమ్నీని ఊడదీసి, ఈసారి పొయ్యికి జానెడు ఎత్తున బిగించాడు. మూకుడు దాని కిందికి పక్కనుంచి తోయాల్సి వచ్చింది.

"ఏమండీ, మంట దానికి తగిలేట్టుంది."

"ఇనుమును మంటేం చేస్తుందే పిచ్చిదానా?"

ఇనుమును ఏమీ చెయ్యలేదు. ఇనుముకు అతుక్కున్న కవరును చేసింది. నూనె కాగుతుండగానే ఆ పొర ముడుచుకుంది, కమురుకంపు కొట్టింది, ఒక మూల నుంచి బొట్టుబొట్టుగా కారి మండుతూ మూకుట్లో పడింది. భగ్గుమని నూనె అంటుకుంది.

"ఓరి నాయనో!" అని ఆడపడుచు బిందె ఎత్తింది.

"నీళ్ళు పొయ్యొద్దు!"

ఆ అరుపు పిడికెడత్తదని నమ్మడానికి ఎవరికైనా సమయం పట్టేది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఎక్కడ దాగుందో! బిందె గాల్లోనే ఆగిపోయింది. అత్త చెయ్యి చాచి గ్యాసు కట్టేసింది, పెద్ద మూత తీసుకుని పక్కనుంచి తోస్తూ మూకుడును కప్పేసింది. మంట మూత కింద రెండు గుటకలు మింగి చచ్చింది. సిలిండరు దగ్గర కూడా తిప్పేసి, మూత తియ్యకుండా అలాగే నిలబడింది. ముగ్గురూ ఊపిరి పీల్చుకోవడమే మరిచిపోయారు కనక ఎవరూ దగ్గలేదు.

"మండే నూనెలో నీళ్ళు పోస్తే మంట ఇల్లెక్కి కూర్చుంటుంది వదినా. పొయ్యి దగ్గర ఇన్నేళ్ళున్నదాన్ని, నాకు తెలియదూ?"

"మంచికి పోతే నా మీదే అరిచావ్" అని ఆడపడుచు బిందె దింపి, తన గదిలోకి పోయి తలుపూ కిటికీ ధడాలున వేసుకుంది.

అత్త చిమ్నీ అడుగున చెయ్యి పెట్టి చూసింది. జాలీ నిండా అతుక్కుని ఉంది కవరు. పీల్చుకునే నోటికి గుడ్డ కట్టి, పీల్చు పీల్చు అంటే అదేం పీలుస్తుంది? ఆమె అంచు పట్టుకుని సర్రున లాగింది. ఆ చప్పుడుకి మామ గుండె కూడా అలాగే చిరిగింది.

"అయ్యో, కొత్తదే!"

"ఊరుకోండి!" ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆ ఇంట్లో అటు నుంచి ఇటు రావడమే గానీ ఇటు నుంచి అటు పోలేదు. "సోఫాకు కవరు. రిమోటుకు కవరు. ఫ్రిజ్జు పిడికి కవరు. ఈ ఇంట్లో కవరు లేకుండా పడున్నది నా ఊపిరితిత్తులొక్కటే!"

అలా అని ఊరుకుందా? హాల్లోకి నడిచి సోఫా తోలు ఒలిచింది, రిమోటు ఒలిచింది, ఫ్రిజ్జు పిడి ఒలిచింది, గడియారం ఒలిచింది. అది ఎప్పుడో ఆగిపోయి ఉందని అప్పుడు బయటపడింది. తిరిగొచ్చి పెన్సిలు గీత మీద వేలు పెట్టింది.

"ఇక్కడ బిగించండి."

"నా తలకు తగులుతుందే."

"వంచండి."

మామ గీత మీదే బిగించాడు. అత్త జాలీ తుడిచింది, మూకుడు చల్లారాక వేరే నూనె పోసింది, పీటెక్కింది. ఈసారి ఒక మిరపకాయ కాదు, గుప్పెడు వేసింది. చిమ్నీ హోరుమంది. పొగ లేచింది, లేచిన పొగ లేచినట్టే లోపలికి పోయింది. అత్త గట్టిగా ఊపిరి తీసుకుంది. దగ్గు లేదు. ఇంకో గుప్పెడు వేసింది. ఊహూ, లేదు. పంతానికి డబ్బాలో మిగిలినవి కూడా దులిపేసింది.

మామ నోరు తెరిచి చూస్తున్నాడు. "ఇంత ఘాటూ ఎటు పోతోందే?"

"మీ ఆకాశంలోకి."

అప్పుడు వినబడింది, వెనక గదిలోంచి. ముందు ఒకటి. తర్వాత రెండు. తర్వాత లెక్కలేదు. తలుపు భళ్ళున తెరుచుకుంది. ఆడపడుచు కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని, చేతులనిండా బట్టలతో పరిగెత్తుకొచ్చింది.

"బీరువా... ఖళ్... బట్ట మార్చుకుందామని తలుపు తీస్తే... ఖళ్ ఖళ్... బీరువా నా మొహాన పొగ ఊదిందే!"

అత్త ముందు పొయ్యి కట్టేసింది. గదిలోకి వెళ్ళి చూస్తే, గోడకు ఆనించిన చెక్క బీరువా వీపు పగలగొట్టుకుని, మడతపెట్టిన బట్టల మధ్యలోంచి చిమ్నీ గొట్టం పెళ్ళికి పిలవకుండా వచ్చిన చుట్టంలా తొంగి చూస్తోంది. మామ దాని వంక చూశాడు, గది గోడల వంక చూశాడు, కప్పు వంక చూశాడు.

"ఈ గది... నేనే కట్టించాను కదూ?"

"అవును. మబ్బు పట్టకముందు" అంది అత్త.

ఆడపడుచును కుర్చీలో కూర్చోబెట్టి, వీపు రాసి, గ్లాసుడు నీళ్ళు తాగించింది. దగ్గు తెరిపిచ్చాక తేనె లాంటి గొంతుతో అంది, "దగ్గే మనిషి, పొయ్యి దగ్గరెందుకు వదినా? మీరు కూర్చోండి. నేను వండుతా."

ఆడపడుచు ఏదో అనబోయింది. ఖళ్ మంది. నోరు మూసేసింది.

వంటింట్లోకి వస్తూనే అత్త ఉప్పు డబ్బాను ఎడమ నుంచి కుడికి జరిపింది. మర్నాడు మెకానిక్‌ను తనే ఫోన్ చేసి పిలిచింది. అతను గొట్టాన్ని పక్క గోడలోంచి నిజమైన ఆకాశంలోకి తీశాడు, పాత బెజ్జం పూడ్చాడు. చిమ్నీ మాత్రం అత్త వేలు పెట్టిన గీత మీదే ఉంది.

ఇప్పుడు నిచ్చెన మామ మంచినీళ్ళకు వచ్చినప్పుడల్లా వంటగదిలో తల వంచే నడుస్తాడు. పెళ్ళామంటే ఎంత గౌరవమో అని చూసినవాళ్ళు మెచ్చుకుంటారు, నుదుటి మీద బొప్పి జుట్టు చాటున ఉంటుంది కనక.