అకిమ్ గారి సాయంత్రపు జ్వరం

"ఈ రోజు నుంచి మన జిల్లాలో బ్రూసెల్లోసిస్ లేదు" అని మా అకిమ్, అంటే జిల్లా అధిపతి, ఒర్మోన్‌బెక్ గారు టీవీ కెమెరాల ముందు ప్రకటించారు. పశువుల నుంచి, పచ్చిపాలతో మనుషులకు అంటుకునే ఆ జబ్బు మా కిర్గిజ్ కొండల్లో తాతల నాటిది. దాన్ని ఒక్క ప్రకటనతో సాగనంపిన మహానుభావుడికి నేను డ్రైవర్ని.

రుజువుగా పచ్చిపాలు తాగుతానన్నారు. దగ్గర్లో ఉన్న ఆవు మా అక్క బురులాయ్‌ది.

"కాచి ఇస్తానయ్యా," అంది అక్క.

"కాచితే ఇక రుజువేముంది తల్లీ?" అని గిన్నె ఎత్తి గటగటా తాగేశారు.

అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేకపోయింది. వేళ్ల కీళ్లు వాచి ఉన్నాయి. రోజూ సాయంత్రం జ్వరం, తెల్లారేసరికి దిండు తడిసేంత చెమట. ఆమెను డాక్టర్ జానిల్ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏం జబ్బు డాక్టరమ్మా?"

"పేరు చెప్పకూడదు తమ్ముడూ. నిన్నటిదాకా ఉండేది."

"మరి మందు?"

"లేని జబ్బుకి మందెందుకని వెనక్కి పంపించేశారు. రక్తం చూసే సామాను కూడా."

చివరికి "అలసట" అని రాసిచ్చింది.

నెల తిరిగేసరికి అకిమ్ గారికి సాయంత్రం మీటింగుల్లో చెమటలు పట్టసాగాయి. ప్రజల కోసం చిందిస్తున్న చెమట అని పత్రికలు రాశాయి. నడుము పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోతే కార్యదీక్ష అన్నాయి. డాక్టరమ్మను పిలిపించారు.

"నాకేమైంది?"

"మీకున్నది మన జిల్లాలో లేదు సార్."

"మరెక్కడుంది?"

"కనుమ దాటితే పక్క జిల్లాలో ఉంది."

"కారు తియ్యవోయ్," అన్నారు నాతో.

కనుమ మీద సరిహద్దు రాయి దాటామో లేదో, వెనక సీట్లోంచి డాక్టరమ్మ, "బ్రూసెల్లోసిస్ సార్. ఆరు వారాలు మందు వాడాలి," అంది. అంత చురుగ్గా రోగ నిర్ధారణ జరగడం నేనెక్కడా చూడలేదు.

మందు పక్క జిల్లాలో దొరికింది. కానీ దాన్ని ఇటు తెస్తే ఇక్కడ జబ్బు ఉన్నట్టే కదా. అందుకని సీసాలు రాయికి అవతల గుంటలో దాచి, రోజూ ఆయన్ని తీసుకెళ్లేవాణ్ణి. రాయి దాటి రోగి అయ్యేవారు, మాత్రలు మింగి, ఇటొచ్చి ఆరోగ్యవంతులయ్యేవారు.

"సార్, మా అక్కనూ ఎక్కించుకోనా? రాత్రంతా మూలుగుతోంది," అన్నాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ముందు నాది కానీవోయ్. ఇద్దరం ఒకేసారి జబ్బు పడితే జిల్లా ఏమైపోతుంది?"

ఆయనది అయింది. మర్నాడే అక్కను, డాక్టరమ్మను ఎక్కించాను. చల్లగాలికని ఆయనా వచ్చారు. రాయికి అవతల పక్క జిల్లావాళ్ల కొత్త బోర్డు వెలిసింది: "బ్రూసెల్లోసిస్ లేని జిల్లాకు స్వాగతం."

"శభాష్. ఇక ఎక్కడా లేదు," అన్నారు అకిమ్ గారు కారు దిగకుండానే.

అక్క రాయి పట్టుకుని ఇటూ అటూ చూసింది. డాక్టరమ్మ గుంటలోంచి సీసా తీసింది.

"ఈ రాయి ఏ జిల్లాది సార్?"

ఆయన కారు కిటికీలోంచి తల బయటపెట్టి రాయిని చూశారు. "ఏ జిల్లాదీ కాదు."

"అయితే ఎక్కి కూర్చో బురులాయ్. నోరు తెరువు."

మర్నాడు మేం వెళ్లేసరికి రాయి చుట్టూ రెండు జిల్లాల జనం బారులు తీరి ఉన్నారు. రాయి మీద ఒక పెద్దమనిషి చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. మా అకిమ్ గారు దిగి ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. పక్క జిల్లా అకిమ్ గారట.

"ముందు నాది కానీ తల్లీ," అన్నారాయన రాయి దిగకుండానే మా అక్కతో.