ఆమోదం పొందిన పొగమంచు

ఆ తెల్లవారుజామున మంత్రిగారి ఇంట్లో మంత్రిగారు, ఆయన భార్య, ఆయన బావమరిది, పి.ఏ., కారు డ్రైవరు, ఇద్దరు గన్‌మెన్ ఉన్నారు. భార్య నిద్రపోతున్నారు. గన్‌మెన్ కూడా నిద్రపోతున్నారు గానీ, నిలబడి. వీళ్ళు కాక హాల్లో టీపాయ్ మీద ఒక టాబ్లెట్ ఉంది. దాన్ని ఎవరూ మనిషి కింద లెక్కవేయరు గానీ, ఘాట్ రోడ్డు మీద బస్సులు నడవాలా ఆగాలా అన్నది దాని చేతిలోనే ఉంది. ఇక వరండాలో, చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక ఒక కాలి చెప్పు మాత్రం విప్పి, రోడ్డు వాతావరణ సాఫ్ట్‌వేర్ చూసే ఇంజినీరమ్మాయి నిలబడి ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ సామాన్యమైనది కాదు. ఘాట్ రోడ్డు పొడవునా స్తంభాలు పాతి, వాటికి యంత్రాలు బిగించారు. చినుకు పడినా, పొగమంచు కమ్మినా అవి కనిపెట్టి డేటా పంపుతాయి. దాన్ని పోగేసి, రాబోయే గంటల్లో రోడ్డు ఎలా ఉంటుందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. బాగుంటుందంటే బస్ డిపోలోనూ, ఘాట్ మొదట్లో ఉన్న గేటు దగ్గరా పచ్చదీపం వెలుగుతుంది, బాగుండదంటే ఎర్రదీపం.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు మైకు ముందు నిలబడి, "ఈ రోడ్డు మీద చీమ చిటుక్కుమన్నా ముందు నాకు తెలియాలి. నా తర్వాతే ఇంకెవరికైనా" అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు. అధికారులు చప్పట్లు కొట్టి ఆఫీసుకు వెళ్ళి, ఆ మాటను ఉత్తర్వుగా టైపు చేశారు.

అప్పటినుంచి కొండమీది డేటా అంతా ముందు మంత్రిగారి టాబ్లెట్‌లోకి వచ్చి, ఆయన ‘ఆమోదం’ అన్న మీట నొక్కేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటోంది. ఆ మీట లోకంలో ఇంకెక్కడా లేదు. మంత్రిగారు ప్రజాసేవలో అలసి ఆలస్యంగా లేచే మనిషి. తెల్లవారుజామున కమ్మిన పొగమంచు భోజనాల వేళకు ఆమోదం పొందేది. సాఫ్ట్‌వేర్ అది ఇప్పటి కబురే అనుకుని ఎర్రదీపం వెలిగించేది. ఫెళ్ళున కాసే ఎండలో బస్సులన్నీ పొగమంచుకు జడిసి ఆగిపోయేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను చూశాం గానీ, ఆ ఆకుల పంపిణీకి ఒక శాఖనే నడపడం మంత్రిగారికే చెల్లింది.

పైగా జోస్యం ఒక్కసారీ తప్పలేదు. పొగమంచు అని సాఫ్ట్‌వేర్ చెప్పిన ప్రతి రోజూ అది కమ్మి ఉండటం నిజమేనని ప్రతిపక్షం కూడా ఒప్పుకోవలసి వచ్చింది. అందుకే ఇవాళ కొండమీద ఊళ్ళో మంత్రిగారికి సన్మానం. అందుకే ఆయన ఈ వేళకు మేలుకుని ఉన్నారు. ఇంజినీరమ్మాయి ఇవాళే రావడానికి కారణం కూడా అదే. ఆమె యంత్రాలు చూసింది, వైర్లు చూసింది, గడియారాలు సరిచూసింది. ఎక్కడా లోపం లేదు. డేటా ఎక్కడ ఆగుతోందా అని దాని వెంటే వస్తే, అది ఈ వరండాకు తీసుకొచ్చి వదిలింది.

ఆమె చేతిలో ఫోన్ మోగింది. అన్నయ్య. ఘాట్ రోడ్డు మీద తొలి బస్సు అతనిదే.

"ఏమే, మీ కంప్యూటర్ ఏమంటోంది? ఇక్కడ బస్సుకు ముందద్దం ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంటున్నా."

"ఇంకా ఏమీ అనలేదన్నయ్యా. కాసేపు ఆగు."

"దానికంటే మా అత్తగారి మోకాలు నయం. వానకు ముందురోజే నొప్పి పెడుతుంది. ఎర్రదీపం వస్తే ఆగుతా, లేకపోతే వేళకు కదలాల్సిందే. పచ్చదీపానికి ఆగినందుకే కదా మొన్న ఒకణ్ణి సస్పెండ్ చేశారు. మా మేనేజరు దీపం మాట వింటాడు గానీ మనిషి మాట వినడు."

మూడో మలుపులో పిట్టగోడ లేదు. పోయిన వారం ఒక పాలవ్యాను దాన్ని వెంటబెట్టుకుని లోయలోకి పోయింది. ఆ సంగతి అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎత్తలేదు.

పి.ఏ. వచ్చాడు. "ఏం పనమ్మా?"

"డేటా ఆలస్యంగా వెళ్తోందండీ."

"ఆలస్యం అనకూడదు. పరిశీలనలో ఉంది అనాలి."

"పరిశీలించేలోపు పొగమంచు పోతోందండీ."

"పోతే మంచిదేగా. సమస్య తీరినట్టేగా."

సమస్య తీరిన ధీమాతో పి.ఏ. ఆమెను లోపలికి పిలిచాడు. హాల్లో బావమరిది ఉన్నాడు. టీవీ రిమోట్‌కు బ్యాటరీలు మార్చిన అనుభవం ఉన్నందున ఆయన ఈ పథకానికి సాంకేతిక సలహాదారు.

"పొగమంచు ఎప్పుడు పడుతోంది?" అని అడిగాడు.

"తెల్లవారుజామునండీ."

"మా బావ లేచేది పొద్దెక్కాక. అయితే ఆ గడియారాలను మా బావ లేచే వేళకు జరపండి."

"గడియారం జరిపితే పొగమంచు జరగదండీ."

"జరిపి చూశారా?"

చూడలేదని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది. సలహాదారు పి.ఏ. వైపు చూసి, వీళ్ళతో ఎలా వేగాలి అన్నట్టు నవ్వాడు.

ఇంతలో మంత్రిగారు ఇస్త్రీ మడత నలగకుండా నడిచి వచ్చారు. "ఏంటి తల్లీ ఇబ్బంది?"

"సార్, ఇప్పుడొచ్చిన డేటాకు ఆమోదం నొక్కండి సార్. అంతే చాలు. డిపోలో ఎర్రదీపం వెలుగుతుంది. తొలి బస్సు ఆగుతుంది." ఇంత పొడుగు మాట ఆమె ఏ పెద్దమనిషి ముందూ ఎన్నడూ మాట్లాడలేదు.

మంత్రిగారు కరుణామయులు. వేలు మీట దాకా వెళ్ళింది. బావమరిది దగ్గాడు.

"బావా, ఇవాళ నువ్వెళ్ళేది ఆ రోడ్డునే. సన్మానం రోజు ఎర్రదీపమా? పేపరువాళ్ళు ఊరుకుంటారా?"

వేలు వెనక్కి వచ్చింది. మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించేటప్పుడు పి.ఏ. ఊపిరి బిగబట్టడం ఆనవాయితీ.

"ఆలస్యం కాకూడదు. అంతేగా నీ బాధ?"

"అవును సార్."

"నిన్న మధ్యాహ్నం రోడ్డు ఎలా ఉంది?"

"బాగుంది సార్. ఎండ. కానీ..."

"ఆ ఎండనే ఇవాళ్టికి పంపిద్దాం. రేపటికీ అదే. వారం మొత్తానికీ ఇప్పుడే ఆమోదిస్తున్నా. ఇక ఆలస్యమన్న మాట వినపడకూడదు."

"అది ఇవాళ జరిగింది కాదు సార్."

"జోస్యమంటేనే జరగనిది కదా తల్లీ."

పి.ఏ. ఆ మాటను సన్మాన ప్రసంగం కోసం రాసుకున్నాడు. బావమరిది తేదీలు మార్చాడు. మంత్రిగారు మీట నొక్కారు. ప్రభుత్వ సమాచారం వాతావరణం కంటే ముందు గమ్యం చేరడం అదే మొదలు.

ఫోన్ మోగింది. "పచ్చదీపం వచ్చిందే. ఇన్నాళ్ళకు మా చెల్లెలు అనిపించావు. బయలుదేరుతున్నా."

"అన్నయ్యా, ఆగు. అది నిన్నటి ఎండ."

"ఏంటీ? వినపడట్లేదు. మేనేజరు ఈల వేస్తున్నాడు. ఉంటా మరి."

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు అతను ఫోన్ ఎత్తడు. ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది కూడా ఆమే.

మంత్రిగారు ప్రయాణానికి వరండాలోకి వచ్చారు, వెనకే పి.ఏ., ఇంజినీరమ్మాయి. ఒక మెట్టు దిగి ఆగారు.

"కారేదయ్యా?"

"మీ ముందే ఉంది సార్." డ్రైవరు గొంతు తెల్లటి గోడలోంచి వచ్చినట్టు వచ్చింది.

"లైట్లు వెయ్యి."

"వేసే ఉన్నాయి సార్."

మంత్రిగారు చెయ్యి చాపారు. మోచేతి దాకానే కనిపించింది. లక్షలమంది ఎన్నుకున్న మనిషి కనుక తొందరపడకుండా, దిగిన ఒక్క మెట్టూ జాగ్రత్తగా ఎక్కారు.

"ఒంట్లో నలతగా ఉంది. సన్మానం ఇంకో రోజు పెట్టుకోమను" అని పి.ఏ.తో చెప్పి లోపలికి నడిచారు.

"సార్, మరి బస్సులు?"

"ఆమోదించేశాం కదా తల్లీ. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ప్రభుత్వం కాదు మనది."

పడకగది వైపు ఆయన చెప్పుల చప్పుడు దూరమైంది. ఇంజినీరమ్మాయి గడప దాకా వెళ్ళింది. అక్కడినుంచి టీపాయ్ మీద టాబ్లెట్ కనబడుతోంది, దాని మీద మీట కూడా.

"బస్సు ఘాట్ గేటు దాటేలోపు ఒక్కసారి నన్ను నొక్కనివ్వండి సార్. ఆ బస్సులో మా అన్నయ్య ఉన్నాడు" అంది పి.ఏ.తో.

పి.ఏ. చెడ్డవాడు కాదు. ఆమె మాట పూర్తిగా విన్నాడు. బయటికి తొంగి చూశాడు, భుజాలు ముడుచుకున్నాడు.

"కాస్త అవతలికి జరుగమ్మా, పొగమంచు లోపలికి వస్తోంది" అని తలుపు వేశాడు.