బానెట్ పట్టుకునే పదవి

మా ఇంటి చిన్న డీజిల్ కారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నదని ఇందుమూలంగా బంధుమిత్రులకు తెలియజేయడమైనది. మధ్యమధ్య దారిలో ఆగిపోతుంది, అంతే. ఈ ఏడాది పద్నాలుగు సార్లు ఆగింది. పద్నాలుగు సార్లూ అదే మొదటిసారి అన్నట్టు నాన్న ఆశ్చర్యపోయారు.

కారు ఆగగానే మా కుటుంబంలో ఎవరి శాఖ వారిది. నాన్న స్టీరింగ్ వదలరు. వదిలితే బండి పాడైందని ఒప్పుకున్నట్టవుతుంది. అమ్మది వెనక నుంచి నెట్టే శాఖ. పెద్దనాన్నది సలహాల శాఖ. ఆయన జన్మలో కారు నడపలేదు కాబట్టి ఏ పక్షపాతమూ లేకుండా మాట్లాడగలరు. బానెట్‌ను ఎత్తి నిలబెట్టే కడ్డీ రెండేళ్ల కిందట విరిగిపోయింది. ఆ స్థానంలో నన్ను నియమించారు. కడ్డీ లాగే నేనూ మాట్లాడనని అందరికీ నమ్మకం.

ఈ పదవిలో ఒక సౌకర్యం ఉంది. ఇంజన్‌ను దగ్గర్నుంచి చూసేది నేనొక్కదాన్నే. ఆగిన ప్రతిసారీ డీజిల్ ఫిల్టరుకు వెళ్లే సన్నటి గొట్టంలో బుడగలు కనిపించేవి, దాని క్లిప్పు దగ్గర తడి. క్లిప్పు వదులై గాలి చొరబడుతోందని నాలుగోసారికే అర్థమైంది. చెప్పడానికి పదోసారి దాకా ధైర్యం చాలలేదు.

"నువ్వు బానెట్ సరిగ్గా పట్టుకో తల్లీ, నా నెత్తిన పడేస్తావు" అన్నారు నాన్న. ఆయన నెత్తి స్టీరింగ్ దగ్గర ఉంది.

పదిహేనోసారి నా పరీక్ష రోజున ఆగింది. హాస్టల్ ఉన్న పెద్ద బడికి ప్రవేశ పరీక్ష. పదింటికి గేటు మూసేస్తారు. అప్పటికి తొమ్మిదీ ఇరవై.

పెద్దనాన్న రోడ్డు మధ్య నిలబడి ప్రసంగించారు. "చూడు తమ్ముడూ, ఇంజన్ కూడా మనిషి లాంటిదే. దానికీ మర్యాద కావాలి. పొద్దున్నే హడావుడి పెడితే అలుగుతుంది."

"బండికేం లేదన్నయ్యా. డీజిల్లోనే ఏదో కల్తీ."

"మీరిద్దరూ తేల్చుకునేసరికి పిల్ల పరీక్ష అయిపోతుంది బావగారూ" అంది అమ్మ, వెనక నుంచి ఆయాసపడుతూ.

"అందుకే తొందరపడొద్దంటున్నానమ్మా" అన్నారు పెద్దనాన్న.

తొమ్మిదిన్నర దాటింది. నేను బానెట్‌ను తల మీద ఆనించుకుని, పరీక్షకు తెచ్చుకున్న స్టీలు స్కేలు అంచుతో క్లిప్పు మర తిప్పి బిగించాను. ఫిల్టరు మీది చిన్న చేతిపంపును, లోపలి గాలి పోయి గట్టిపడేదాకా నొక్కాను. "నాన్నా, ఒక్కసారి తాళం తిప్పండి" అన్నాను. నా మాట ఎవరికీ వినబడలేదు గానీ, నాన్న ఊరికే తిప్పారు. బండి స్టార్టయింది.

"చూశావా, కాసేపు వదిలేస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు పెద్దనాన్న. నాన్న ఆయనకు చేతులెత్తి దండం పెట్టారు. అమ్మ మాత్రం నల్లబడిన నా స్కేలు వంక చూసింది. రుమాలుతో తుడిచి నా చేతికిచ్చింది.

గేటు మూసేలోపే వెళ్లాను. సీటొచ్చింది. హాస్టల్లో చేరి నెల తిరగకుండా నాన్న ఉత్తరం వచ్చింది. "బండికేం లేదు. పది రోజులుగా కదలడం లేదు, అంతే. అమ్మ వెనక నెట్టాలి కదా, బానెట్‌కు మనిషి లేరు. సెలవులెప్పుడు?"

గొట్టం, క్లిప్పు, పంపు, అన్నీ బొమ్మలు గీసి మరీ నాలుగు పేజీల జవాబు రాశాను.

వారానికి మళ్లీ ఉత్తరం. "నువ్వు రాసింది అందరం చదివాం. నీ దస్తూరిని పెద్దనాన్న ఎంతో మెచ్చుకున్నారు. సెలవులెప్పుడు?"

మీ ఇంట్లో బానెట్ ఎవరు పట్టుకుంటారో నాకు తెలియదు. బహుశా మీకూ తెలియదు.