నలభై పక్కన అయిదు

తెనాలిలో ఆ గురువారం పొద్దున్న భార్గవ్ వేసుకున్న ప్లాను చిన్నదే. పిన్ని నాగరత్నం గారి వంటల వెబ్‌సైటు టిఫిన్ వేళకి తెరిచేసి, ఆ తర్వాత హాయిగా కునుకు తీయడం. ఫంక్షన్లకి వండి పంపడంలో నాగరత్నం గారు చెయ్యి తిరిగిన మనిషి. తీరా తెరిచే ముందు ఆవిడ ఒక పేచీ పెట్టారు.

"పిలిచినవాళ్ళు ఎంతమంది అని ఒక్క గడే పెట్టావేంట్రా? పిలవకుండా వచ్చేవాళ్ళకి ఇంకో గడి పెట్టు. వాళ్ళు లేని ఫంక్షను ఈ చుట్టుపక్కల నేను చూళ్ళేదు."

"అదెంత పని పిన్నీ, నీ ఇడ్లీ చల్లారేలోపు అయిపోద్ది" అన్నాడు భార్గవ్. రెండు గడులూ కలిపి కూడమని సైటుని నడిపే స్క్రిప్టులో ఓ ముక్క రాశాడు. సరిచూడలేదు. తన స్క్రిప్టుని సరిచూడడమంటే తనని తాను అనుమానించుకోవడమేనని అతని సిద్ధాంతం. "ఆర్డరొస్తే ఫోన్ చేసి అడక్కు. ఫోన్ చేసేదానికి ఇక వెబ్‌సైటెందుకు?" అని పిన్నికి బుద్ధి కూడా చెప్పాడు.

మొదటి ఆర్డరు రేపల్లె నుంచి, పున్నయ్య గారిది. ఆదివారం ఇంట్లోనే కూతురు హేమ నిశ్చితార్థం. ఆయన మొదటి గడిలో నలభై, రెండో గడిలో అయిదు నొక్కారు. నాగరత్నం గారి ఫోన్లో నాలుగు వందల అయిదు పడింది. ఆవిడ దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని పెద్ద గుండిగలకి కబురు చేశారు.

నలభై మందితో సరిపెట్టుకోవడానికి పున్నయ్య గారికి ఒక కారణం ఉంది. బాపట్లలో ఉండే అన్నగారు సుందరయ్య, తన గృహప్రవేశానికి తమ్ముణ్ణి ఫోన్లో పిలిచి ఊరుకున్నారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. పెదనాన్న చేతుల మీద పెరిగిన హేమకి ఆయన రాకుండా నిశ్చితార్థం ఏమిటని ఏడుపు. "ఇంట్లోవాళ్ళమేనమ్మా, ఎవర్నీ పిలవట్లేదు" అన్నదొక్కటే తండ్రి జవాబు.

శనివారం పొద్దున్నే ఇంటిముందు వ్యాను ఆగింది. గుండిగలు, గ్యాసు పొయ్యిలు, అరిటాకుల కట్టలు దిగాయి. పక్కింటి టైలరు నాగుల్ మీరా కుట్టుమిషను ఆపి మరీ వచ్చాడు.

"ఏంటి బాబాయ్, నాలుగొందల మందంట, డ్రైవరు చెప్పాడు. గోడ పక్కనోళ్ళం మేం కనపళ్ళేదా?"

పున్నయ్య గారు గుండిగ వంక చూశారు. అందులో ఆయన కూర్చుని స్నానం చెయ్యొచ్చు. దాని పక్కన నిలబడి ఇంట్లోవాళ్ళమే అంటే ఎవరు నమ్ముతారు? "నీ దగ్గరికే వస్తున్నానయ్యా" అనేశారు. పక్కింటిని పిలిచి ఎదురిల్లు మానడం కుదరదు కదా. మధ్యాహ్నానికి ఆయన, భార్య కొండమ్మ గారు మూడు వీధులు పిలిచి, కాళ్ళు పీకుతుండగా ఇంటికొచ్చారు. వచ్చేసరికి బాపట్ల నుంచి ఫోను.

"ఊరంతా పిలిచావంటగా. నేనొక్కణ్ణే పనికిరాకుండా పోయానా?" అన్నారు సుందరయ్య గారు. ఫోన్ పెట్టేశారు.

"ఇప్పుడేమంటారు నాన్నా, ఇంట్లోవాళ్ళమేనా?" అంది హేమ.

సరిగ్గా అప్పుడే నాగరత్నం గారూ భార్గవూ దిగారు. పున్నయ్య గారు నొక్కిన అంకెలు విని భార్గవ్ గుండిగ మూత మీద లాప్‌టాప్ తెరిచాడు. "దొరికిందండి" అన్నాడు, ఆ తప్పు ఇంకెవరో చేసినట్టు. "గడిలో నొక్కిన అంకెని స్క్రిప్టు అంకె అనుకోదండి, అక్షరాలనుకుంటది. అక్షరాలు కూడితే ఒకదాని పక్కన ఒకటి అతుక్కుంటాయి. నలభై పక్కన అయిదు. ఇవి అంకెలేనని ఒక్క మాట చెప్తే సరి." చెప్పి, మళ్ళీ నొక్కి చూపించాడు. నలభై అయిదు వచ్చింది.

నాగరత్నం గారి మొహం మాడిపోయింది. "ఇంకా పొయ్యి వెలిగించలేదండి. నలభై అయిదుకే వండుతాను."

"వద్దమ్మా. మూడు వీధులు పిలిచొచ్చి ఇప్పుడు తగ్గిస్తే నా తలెక్కడ పెట్టుకోను? బాబూ, నువ్వు దిద్దింది వచ్చే ఆర్డరుకి వాడుకో. నాకు పాత లెక్కే ఉంచు."

తప్పుని ఉంచమని బతిమాలిన కస్టమరు భార్గవ్‌కి అంతకుముందెప్పుడూ తగల్లేదు. తన పనికి దక్కిన గౌరవంగానే తీసుకున్నాడు.

పున్నయ్య గారు కుంకుమ భరిణెనీ, కొండమ్మ గారినీ వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళారు. కొండమ్మ గారు తోడికోడలికి బొట్టు పెట్టారు. "అన్నయ్యా, రావాలి" అన్నారు పున్నయ్య గారు.

"ఎవరెవరం రావాలి?" అన్నారు సుందరయ్య గారు బింకంగా.

"అందరూ."

ఆయన ఆ మాట పట్టుకున్నారు. ఆదివారం బాపట్లలో తన వీధినంతా బస్సులో ఎక్కించుకుని వచ్చారు. హేమ పెదనాన్నని పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. నాలుగో బంతికి గారెలు, అయిదో బంతికి పప్పు అయిపోయాయి. ఆఖరి బంతిలో అన్నదమ్ములిద్దరికీ అన్నం, చారు మిగిలాయి.

"పెళ్ళికి భోజనాల లెక్క నేను చూస్తాన్లేరా" అన్నారు సుందరయ్య గారు చారు జుర్రుకుంటూ.

"మీకు లెక్కలెప్పుడొచ్చాయి అన్నయ్యా?"

ఆ పోట్లాట తెమలక సుందరయ్య గారు వారం రోజులు రేపల్లెలోనే ఉండిపోయారు.